కాలేజీ ఫీజు మీద అమెరికా పన్ను క్రెడిట్: 1098-టి చేతికొచ్చాక ఏం చేయాలి

జనవరి ఆఖరి వారంలో మా అమ్మాయి కాలేజీ పోర్టల్‌లో ఒక పేజీ కాగితం కనబడింది. ఫారం 1098-టి. మొదటి గడిలో 11,200 డాలర్లు, అయిదో గడిలో 8,500. అంటే కాలేజీకి అందిన ఫీజు అంత, వచ్చిన స్కాలర్‌షిప్ ఇంత. తేడా 2,700. ఆ అంకె సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 2,175 డాలర్ల క్రెడిట్ వస్తుందని చూపించింది. రిటర్న్ పంపేయబోతుంటే అమ్మాయి ఒక జిప్ కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. నిండా రసీదులు. కెమిస్ట్రీ పుస్తకం, ల్యాబ్ కోటు, ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్లు, అన్నీ కలిపి 640 డాలర్లు. డిపార్ట్‌మెంట్ తప్పనిసరిగా కొనమన్న ల్యాప్‌టాప్ 900. ఇవేవీ 1098-టిలో ఉండవు, ఎందుకంటే వీటికి డబ్బు కట్టింది కాలేజీకి కాదు. కలిపితే ఖర్చు 4,240 అయింది, క్రెడిట్ పూర్తి 2,500కి చేరింది. 325 డాలర్లు ఆ కవర్లో ఉన్నాయన్నమాట.

అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. 1098-టి మీద ఉన్న అంకె మీ క్రెడిట్ కాదు. అది కాలేజీ తన లెక్క ప్రకారం పంపిన కాగితం. అసలు లెక్క మీ ఫీజు ఖాతాలోనూ, మీ రసీదుల్లోనూ ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు పన్ను పరంగా ఎవరు

మన పిల్లలు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్. చేయడానికి వచ్చిన విద్యార్థి, మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా పన్ను పరంగా నాన్ రెసిడెంట్. ఆ విద్యార్థి నింపాల్సింది నాన్ రెసిడెంట్ల రిటర్న్ అయిన ఫారం 1040-ఎన్ఆర్, దాంతోపాటు విద్యార్థిగా ఉన్న రోజులను లెక్కలోంచి మినహాయించమని తెలిపే ఫారం 8843. నాన్ రెసిడెంట్‌కు ఈ చదువు క్రెడిట్లు రావు. రెసిడెంట్ అయిన భార్యతోనో భర్తతోనో కలిసి, ఏడాదంతా రెసిడెంట్‌గా ఉంటామని ఎంచుకునే దారి ఒకటి ఉంది గానీ, ఒంటరిగా ఉండే విద్యార్థికి అది వర్తించదు.

అయిదేళ్ల లెక్క కూడా చాలామంది తప్పుగా వేస్తారు. 2022 ఆగస్టులో దిగితే 2022 అంతా ఒక సంవత్సరం కిందే లెక్క, నాలుగు నెలలే ఉన్నా సరే. అలా 2022, 23, 24, 25, 26 అయిపోయి, 2027 నుంచే రెసిడెంటా కాదా తేల్చే రోజుల లెక్క మొదలవుతుంది. మధ్యలో అక్టోబర్ 1న హెచ్-1బి మొదలైతే ఆ ఏడాది చివరిదాకా 92 రోజులే అవుతాయి. 183 రోజుల పరీక్షకు అది చాలదు కాబట్టి ఆ ఏడాది కూడా మామూలుగా నాన్ రెసిడెంటే.

ఇంతలో కాలేజీ 1098-టి పంపుతుంది. రూమ్మేట్ "నాకు వెయ్యి డాలర్లు రిఫండ్ వచ్చింది, నువ్వూ వేసేయ్" అంటాడు. మామూలు సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది రెసిడెంట్లు వేసే 1040 ఫారమే చూపిస్తుంది. నాన్ రెసిడెంటా అని గట్టిగా అడగదు, క్రెడిట్ ఇచ్చేస్తుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. కానీ డబ్బు పడినంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు. తర్వాత అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ పట్టుకుంటే ఆ మొత్తం వడ్డీతో, జరిమానాతో సహా వెనక్కి కట్టాలి. నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్ తీసుకోకుండా నిషేధం పడుతుంది. ఇప్పటికే అలా వేసేసి ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకండి. ఫారం 1040-ఎక్స్‌తో, సరిగా నింపిన 1040-ఎన్ఆర్ జతచేసి సవరించుకోవచ్చు. ఉత్తరం రాకముందే మీ అంతట మీరే సరిదిద్దుకోవడం చాలా మేలు.

ఎఫ్-1 విద్యార్థులకు ఒక ఊరట ఉంది, తెలియక వదిలేసుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ ప్రకారం మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులు నాన్ రెసిడెంట్లైనా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు. మిగతా దేశాల విద్యార్థుల్లో చాలామందికి ఈ అవకాశం లేదు. 2025కు ఒంటరివారికి అది 15,750 డాలర్లు. క్యాంపస్ ఉద్యోగంలో కోసుకున్న ఫెడరల్ పన్ను దీనితోనే చాలావరకు తిరిగొస్తుంది. ఇక జీతమే లేని విద్యార్థి కూడా ఫారం 8843 మాత్రం జూన్ 15లోగా పోస్టులో పంపాలి.

ఈ కింద రాసిందంతా పౌరులకు, గ్రీన్ కార్డు వారికి, హెచ్-1బి మీద ఏడాదంతా ఉన్న కుటుంబాల్లాంటి పన్ను రెసిడెంట్లకు.

రెండు క్రెడిట్లు

క్రెడిట్ అంటే కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తీసేసేది. ఆదాయంలోంచి తగ్గించే డిడక్షన్ కంటే ఇది ఎంతో బలమైనది.

మొదటిది అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్. డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకు. మొదటి 2,000 డాలర్ల ఖర్చుకు పూర్తిగా, తర్వాతి 2,000కు పాతిక శాతం, అంటే ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 వరకు. ఇందులో 40 శాతం, అంటే 1,000 వరకు, మీకు పన్నే లేకపోయినా చేతికి వస్తుంది. విద్యార్థి డిగ్రీ లేదా సర్టిఫికెట్ కోర్సులో ఉండాలి, ఆ ఏడాదిలో కనీసం ఒక సెమిస్టర్ సగం లోడుకు, అంటే పూర్తి స్థాయి కోర్సుల్లో సగానికి, తగ్గకుండా చదవాలి. ఒక విద్యార్థి మీద మొత్తం నాలుగు పన్ను సంవత్సరాలే తీసుకోవచ్చు.

రెండోది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్. 10,000 డాలర్ల వరకు ఖర్చులో 20 శాతం, అంటే రిటర్న్ మొత్తానికి 2,000 వరకు. ఇంట్లో ముగ్గురు చదువుతున్నా అంతే. ఏళ్ల పరిమితి లేదు. మాస్టర్స్‌కు, ఉద్యోగం చేస్తూ తీసుకునే ఒక్క కోర్సుకు కూడా పనికొస్తుంది. పన్ను ఉంటేనే తగ్గుతుంది, చేతికి మాత్రం రాదు. హెచ్-1బి మీద ఉండి సాయంత్రాలు ఎంబీఏ చేసేవారికి ఇదే దారి. అయితే కంపెనీ పన్ను లేకుండా తిరిగిచ్చిన ఫీజును ఇందులో మళ్లీ చూపకూడదు.

ఆదాయ పరిమితి రెండింటికీ ఒకటే. ఒంటరివారికి 80,000 డాలర్ల దగ్గర తగ్గడం మొదలై 90,000కు పూర్తిగా పోతుంది. దంపతులు కలిపి వేస్తే 160,000 నుంచి 180,000. భార్యాభర్తలు విడివిడిగా వేస్తే ఏ క్రెడిట్టూ రాదు.

మరో ముఖ్యమైన మార్పు. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 పన్ను సంవత్సరం నుంచి ఈ క్రెడిట్లకు క్లెయిమ్ చేసేవారికీ, విద్యార్థికీ సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. హెచ్-1బి వారి కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద, సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివారికి ఐఆర్ఎస్ ఇచ్చే ఐటిన్ నంబరుతో కాలేజీకి వెళ్తున్న పిల్లలున్న మన ఇళ్లకు ఇది పెద్ద దెబ్బే. 2025 రిటర్న్‌కు మాత్రం గడువులోగా వచ్చిన ఐటిన్ పనికొస్తుంది. కాబట్టి అర్హత ఉంటే ఈసారి వదులుకోకండి.

ఎవరి రిటర్న్‌లో వేయాలి

పిల్లవాడిని మీరు డిపెండెంట్‌గా చూపిస్తే క్రెడిట్ మీదే. ఫీజు వాడి సొంత డబ్బుతో కట్టినా, లోన్‌తో కట్టినా, తాతగారు గుంటూరు నుంచి నేరుగా కాలేజీకి పంపినా మీరు కట్టినట్టే లెక్క. లోన్ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఫీజు కట్టిన ఏడాదే క్రెడిట్, తర్వాత లోన్ తీర్చిన ఏడాది కాదు. లోన్ మీద కట్టే వడ్డీకి ఫారం 1098-ఇ, వేరే డిడక్షన్ ఉన్నాయి, గరిష్ఠంగా 2,500 డాలర్లు.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఆదాయం 180,000 దాటేస్తుంది. "మాకేమీ రాదులే" అని వదిలేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. పిల్లను డిపెండెంట్‌గా చూపే అర్హత మీకు ఉన్నా కూడా చూపకుండా వదిలేస్తే, ఆమె తన రిటర్న్‌లో క్రెడిట్ తీసుకోవచ్చు. చేతికొచ్చే 1,000 డాలర్ల భాగం ఆ వయసు విద్యార్థులకు మామూలుగా రాదు గానీ, తన పన్నును మాత్రం తగ్గించుకోవచ్చు. ఉదాహరణకు అమ్మాయి ఇంటర్న్‌షిప్‌లో 24,000 సంపాదించింది. స్టాండర్డ్ డిడక్షన్ 15,750 పోగా 8,250 మీద పది శాతం, 825 డాలర్ల పన్ను. క్రెడిట్‌తో అది సున్నా అవుతుంది. మీరు పోగొట్టుకునేది ఇతర డిపెండెంట్ల క్రెడిట్ 500. కుటుంబానికి 325 మిగులు. అమ్మాయికి ఆదాయమే లేకపోతే ఈ పద్ధతి వల్ల నష్టమే. రెండు రకాలుగానూ లెక్క వేసి చూసుకోండి. అమ్మాయి తొందరపడి ముందే రిటర్న్ పంపేసి, అందులో "నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపవచ్చు" అన్న గడికి టిక్ పెట్టకుండా వదిలేస్తే మీది ఆన్‌లైన్‌లో తిరస్కరించవచ్చు. ముందు ఇంట్లో మాట్లాడుకోండి.

ఆదాయం 160,000కు, 180,000కు మధ్య ఉన్నవారికి మరో ఉపాయం. 172,000 ఉంటే 2,500 క్రెడిట్‌లో మొత్తం మీద మిగిలేది 1,000. డిసెంబర్‌లోగా కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా 401కెలో పన్నుకు ముందు డబ్బు ఇంకో 6,000 వేస్తే ఆదాయం 166,000కు దిగి, క్రెడిట్ 1,750 అవుతుంది. ఆ 6,000 మీద మామూలుగా తగ్గే పన్ను దీనికి అదనం.

కాగితాలు

కాలేజీలు జనవరి 31లోగా 1098-టి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో తీసుకుంటామని ఒప్పుకుని ఉంటే అది పోర్టల్‌లోనే ఉంటుంది, పోస్టులో రాదు. "ఇంకా రాలేదు" అనేవారిలో చాలామందికి అది అక్కడే ఉంటుంది. దాంతోపాటు తీసి పెట్టుకోవాల్సింది జనవరి నుంచి డిసెంబర్ దాకా ఫీజు ఖాతా స్టేట్‌మెంట్. ఏ తేదీన ఏ ఫీజు పడింది, ఎవరు ఎంత కట్టారు, స్కాలర్‌షిప్ ఎప్పుడు జమైంది, అన్నీ అందులో తెలుస్తాయి. చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలోంచి డబ్బు తీసి ఉంటే ఫారం 1099-క్యూ. పుస్తకాల రసీదులు.

ఫారంలో చూడాల్సిన గడులు కొన్నే. ఒకటోది అందిన ఫీజు, అయిదోది స్కాలర్‌షిప్. నాలుగు, ఆరు గడుల్లో అంకె ఉంటే అవి కిందటేడాది లెక్కకు సవరణలు, ఊరికే వదిలేయకూడదు. ఏడో గడిలో టిక్ ఉంటే, వచ్చే జనవరి, మార్చి మధ్య మొదలయ్యే సెమిస్టర్ ఫీజు కూడా ఇందులో కలిసిందని. ఎనిమిదోది సగం లోడు, తొమ్మిదోది గ్రాడ్యుయేట్ విద్యార్థి.

తేదీ చాలా ముఖ్యం. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ ఫీజును డిసెంబర్‌లో కడితే ఈ ఏడాది ఖర్చు, జనవరి 2న కడితే వచ్చే ఏడాది ఖర్చు. మా ఇంట్లో ఒకసారి స్ప్రింగ్ బిల్లు డిసెంబర్ 19న వచ్చింది. అప్పటికే ఆ ఏడాది ఖర్చు 4,000 దాటింది. గడువు ఉంది కదా అని జనవరి దాకా ఆగి కట్టాం. మరుసటి ఏడాది లెక్కకు ఉపయోగపడింది.

ఏవి లెక్కలోకి వస్తాయి? ట్యూషన్, చేరాలంటే తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులు. మొదటి క్రెడిట్‌కు అయితే కోర్సుకు అవసరమైన పుస్తకాలు, సామాను ఎక్కడ కొన్నా సరే. రెండో క్రెడిట్‌కు అవి కాలేజీకే తప్పనిసరిగా కట్టినవైతేనే. హాస్టల్, భోజనం, హెల్త్ ఇన్సూరెన్స్, స్టూడెంట్ హెల్త్ ఫీజు, పార్కింగ్, విమానం టికెట్లు రావు.

పిల్లల్ని ఇండియాలో ఎంబీబీఎస్ చదివిస్తున్నవారు కూడా అడుగుతుంటారు. అమెరికా విద్యాశాఖ సహాయ పథకాల్లో నమోదైన కాలేజీ అయితేనే క్రెడిట్. ఆ కాలేజీ ఆ జాబితాలో లేకపోతే ఎంత ఫీజు కట్టినా రాదు.

స్కాలర్‌షిప్ ఫీజంతా మింగేస్తే

ట్యూషన్ 9,000, గ్రాంట్లు 9,000. తేడా సున్నా, క్రెడిట్ లేదు అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు నిజంగా డబ్బు దక్కేది ఇక్కడే, నాకు మనసుకు దగ్గరైన విషయం ఇది.

స్కాలర్‌షిప్ నిబంధనలు "ట్యూషన్‌కే వాడాలి" అనకపోతే, అందులో 4,000 హాస్టల్‌కూ భోజనానికీ వాడినట్టు విద్యార్థి లెక్క చూపవచ్చు. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్‌ను ఇలా మామూలుగా వాడుకోవచ్చు. అప్పుడు ఆ 4,000 విద్యార్థికి పన్ను పడే ఆదాయం అవుతుంది. వేరే పెద్ద ఆదాయం లేని పిల్లకు స్టాండర్డ్ డిడక్షన్ కిందే అది పోతుంది, పన్ను సున్నా. ఇటు తల్లిదండ్రులకు 4,000 ట్యూషన్ ఖర్చు ఖాళీ అయి పూర్తి 2,500 క్రెడిట్ వస్తుంది. ఇది అడ్డదారి కాదు, ఐఆర్ఎస్ తన పబ్లికేషన్ 970లో ఉదాహరణలతో సహా చెప్పిన పద్ధతే. స్కాలర్‌షిప్ ఉత్తరం తీసి నిబంధన ఒకసారి చదవండి.

529 విషయంలోనూ ఇలాంటిదే. ఒకే ఖర్చును రెండు చోట్ల చూపకూడదు. ట్యూషన్‌లో 4,000 మాత్రం జేబులోంచో లోన్‌తోనో కట్టి, 529 డబ్బును హాస్టల్‌కు, మిగతా ఫీజుకు వాడితే 529 పన్ను లాభం, క్రెడిట్ రెండూ దక్కుతాయి.

ఫారం 8863 నింపడం

ఈ రెండు క్రెడిట్లనూ క్లెయిమ్ చేసే రెండు పేజీల ఫారం ఇది. రెండో పేజీలో ఉన్న మూడో భాగంతో మొదలుపెట్టాలి, ఒక్కో విద్యార్థికి ఒక్కో పేజీ. 20, 21 వరసల్లో పేరు, నంబరు. 22లో కాలేజీ పేరు, చిరునామా, పన్ను నంబరు. ఆ తొమ్మిది అంకెల నంబరు 1098-టి పైభాగంలోనే ఉంటుంది, అది లేకపోతే మొదటి క్రెడిట్ ఇవ్వరు. 23 నుంచి 26 దాకా నాలుగు ప్రశ్నలు: ఇప్పటికే నాలుగేళ్లు క్లెయిమ్ చేశారా, సగం లోడు ఉందా, ఈ ఏడాది మొదలయ్యేసరికే నాలుగేళ్ల చదువు పూర్తయిందా, మాదకద్రవ్యాల నేరంలో శిక్ష పడిందా. జవాబు అడ్డొస్తే ఫారం మిమ్మల్ని 31వ వరసకు, అంటే రెండో క్రెడిట్‌కు పంపుతుంది. లేదంటే 27లో ఖర్చు రాయాలి, 4,000కు మించకుండా.

తర్వాత మొదటి పేజీకి రండి. ఆదాయ పరిమితి లెక్క అక్కడే. ఎనిమిదో వరసలో వచ్చేది చేతికొచ్చే భాగం, అది 1040లో 29వ వరసకు వెళ్తుంది. 19వ వరసలోది పన్ను తగ్గించే భాగం, షెడ్యూల్ 3లో మూడో వరసకు. సాఫ్ట్‌వేర్ ఇదంతా తనే చేస్తుంది గానీ, పంపే ముందు 8863 పేజీలు తెరిచి 27వ వరస మీరు లెక్కేసిన ఖర్చుతో సరిపోయిందో లేదో చూడండి.

నాలుగేళ్ల డిగ్రీ అయిదు పన్ను సంవత్సరాల్లో పడుతుంది. 2022 ఫాల్‌లో చేరి 2026 మేలో పట్టా తీసుకుంటే 2022 నుంచి 2026 దాకా అయిదు. క్రెడిట్ నాలుగే. అందరూ మొదటి ఏడాది ఆత్రంగా వేసేసి, ఆఖరి స్ప్రింగ్‌కు వచ్చేసరికి కోటా అయిపోయిందని బాధపడతారు. అయిదింటిలో ఖర్చు తక్కువైన ఏడాదికి లైఫ్‌టైమ్ లెర్నింగ్ తీసుకుని, మిగతా నాలుగింటికి మొదటిది దాచుకోండి.

పంపాక

2025 రిటర్న్‌కు గడువు 2026 ఏప్రిల్ 15. ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా సమయం దొరుకుతుంది, పన్ను బాకీ ఉంటే మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి. ఆన్‌లైన్‌లో వేస్తే రిఫండ్ సాధారణంగా 21 రోజుల్లో వస్తుంది. ఆదాయం తక్కువైతే లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో ఉండే వీటా కేంద్రాల్లో వాలంటీర్లు ఉచితంగా నింపిపెడతారు. డబ్బు తీసుకుని నింపేవారి దగ్గరికి వెళ్తే, మొదటి క్రెడిట్ వేసేముందు వాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు అడగాలి, ఫారం 8867 కూడా జతచేయాలి. రసీదులు అడగకుండానే "మాక్సిమం రిఫండ్ తెప్పిస్తా" అనేవారి దగ్గర సంతకం పెట్టకండి. తప్పు పడితే కట్టాల్సింది మీరే.

ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం వస్తే అది చాలావరకు రుజువులు అడుగుతూ వచ్చేదే. ఫీజు ఖాతా స్టేట్‌మెంట్, రసీదులు, సగం లోడు చూపే ట్రాన్‌స్క్రిప్ట్ ప్రతులు గడువులోగా పంపితే సరిపోతుంది. కనీసం మూడేళ్లు ఆ కవరు పారేయకండి.

పాత ఏళ్లలో అర్హత ఉండీ వదిలేసినవారు 1040-ఎక్స్‌తో పాటు ఆ ఏడాది 8863 నింపి పంపవచ్చు, మామూలుగా రిటర్న్ వేసిన తేదీ నుంచి మూడేళ్ల లోపు. 2022 రిటర్న్‌ను గడువులోగా వేసినవారికి ఆ అవకాశం 2026 ఏప్రిల్‌తో అయిపోతుంది. పిల్లవాడు అప్పుడే కాలేజీలో చేరి ఉంటే, ఆ సంవత్సరం కాలేజీ ఖాతా తెరిచి ముందు దాన్ని చూడండి.